వలస ప్రారంభం: నవంబరు ఇరవై మూడు, ఉదయం పదిన్నర

ఒక కవ్వ చేప నీళ్లలోంచి ఎగిరొచ్చి ఒక పెద్దమనిషి ముక్కుకు తగలడంతో మా మండలి పుట్టింది.

ముక్కు ప్రణవ్ గారిది. ప్రణవ్ గారు రాజధానిలో ఒక ఉన్నతాధికారికి బావమరిది. సెలవులకు మా గవ్వలపాలెం తీరానికి వచ్చి, పలక మీద నిలబడి అలల మీద జారే ఆట ఆడుతుండగా ఈ ఘటన జరిగింది. రెండు చుక్కల రక్తం వచ్చింది. చేపకు ఏమైందో ఎవరూ విచారించలేదు. పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది: తీర జలక్రీడలు, మత్స్య వలసల భద్రతా సమన్వయ మండలి. దానికి ఒక మెంబర్ సెక్రెటరీ, ఒక జీపు, ఒక ఇనప బీరువా, నేను.

నేను పట్టుపరిశ్రమ శాఖలో సీనియర్ అసిస్టెంటుని. పట్టుపురుగుల మీద ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఉంది కాబట్టి చేపల మీదికి డెప్యుటేషన్ వేశారు. రెండూ ప్రాణులే కదా అన్న మాట ఉత్తర్వులో రాయలేదు గానీ, ఉద్దేశం అదే అయి ఉంటుంది. ప్రభుత్వం ఏ పనీ ఆలోచించకుండా చేయదని నా నమ్మకం.

మండలి లేని రోజుల్లో గవ్వలపాలెంలో భద్రత ఎలా ఉండేదో కూడా చెప్పాలి. చలిగాలి తిరిగాక కవ్వ చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డు వెంట దక్షిణానికి పోతాయి. వాటిని తినడానికి వెనకాల కోనాలనే పెద్ద చేపలు వస్తాయి. కోనాల వెనకాల సొరచేపలు వస్తాయి. ఊళ్లో కారి బండియ్య అని డెబ్బై ఏళ్ల మనిషి ఉన్నాడు. తెల్లవారక ముందే ఇసకదిబ్బ ఎక్కి కూర్చుంటాడు. తెల్లపిట్టలు ఎక్కడ మూగుతున్నాయో, నీళ్లు ఎక్కడ నల్లబడుతున్నాయో చూస్తాడు. గుంపు కనబడగానే లేచి నిలబడి ఎర్ర తువ్వాలు ఊపుతాడు. తువ్వాలు కుడికి ఊగితే పెద్దవల వేసే తెప్ప కుడికి పోతుంది, ఎడమకి ఊగితే ఎడమకి. స్నానం చేసేవాళ్లు, ఈతగాళ్లు, పలకల మీద ఆడేవాళ్లు అందరూ ఆ తువ్వాలు చూడగానే ఒడ్డుకొచ్చేస్తారు. నలభై ఏళ్లుగా ఇదే ఏర్పాటు. ప్రణవ్ గారి ముక్కు పగిలిన రోజు కూడా బండియ్య తువ్వాలు ఊపాడు. అందరూ బయటికొచ్చారు. ప్రణవ్ గారు మాత్రం తనకేదో జేజేలు పలుకుతున్నారనుకుని చెయ్యి ఊపారు.

బండియ్య మనవరాలు నూకాలు. ఇరవై ఏళ్ల పిల్ల. ఎవరో విదేశీయుడు విరిగిపోయిందని వదిలేసి వెళ్లిన సగం పలక మీద అలల ఆట నేర్చుకుంది. ఆరేళ్లలో తీరంలో ఆమెను మించినవాళ్లు లేకుండా పోయారు. మండలి పుట్టిన మరుసటి ఏడు రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ మా ఊళ్లోనే పెట్టారు. మొదటి స్థానం వచ్చినవాళ్లకు జట్టులో ఒక్క చోటు. ఒకే ఒక్కటి. ఆ చోటు నూకాలుదేనని ఊరంతా అనుకునేది. నూకాలు మాత్రం ఏమీ అనకుండా పొద్దున్నే నీళ్లలోకి దిగేది.

మా మెంబర్ సెక్రెటరీ రౌతు భుజంగరావు గారు. నీళ్లంటే ఆయనకు పెద్దగా పరిచయం లేదు గానీ, విధానమంటే ప్రాణం. మొదటి సమావేశంలోనే మత్స్యశాఖ అధికారిని సూటిగా అడిగారు.

"చేపలు ఎప్పుడు వలస వస్తాయి?"

"నీళ్లు చల్లబడ్డాక సార్."

"తేదీ చెప్పండి."

"తేదీ అంటూ ఉండదు సార్. ఒక ఏడు దీపావళి వెళ్లగానే వచ్చేస్తాయి. ఒక ఏడు సుబ్రహ్మణ్య షష్ఠికి గానీ రావు."

భుజంగరావు గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "తేదీ లేని ప్రమాదాన్ని ప్రభుత్వం ఎలా నివారిస్తుందండీ? ముందు ప్రమాదం క్రమబద్ధం కావాలి. క్రమబద్ధమైన ప్రమాదాన్నే మనం అరికట్టగలం."

గదిలో అందరూ తలలూపారు. నేనూ ఊపాను. మత్స్యశాఖ అధికారి ఊపలేదు. ఆయన్ని తర్వాతి సమావేశానికి పిలవలేదు.

గత పదేళ్లలో చేపలు వచ్చిన తేదీలన్నీ కూడి పదితో భాగించే పని నాకు అప్పగించారు. నవంబరు ఇరవై మూడు, ఉదయం పది గంటల ఇరవై ఆరు నిమిషాలు అని తేలింది. భుజంగరావు గారు సహృదయులు కనుక చేపలకు నాలుగు నిమిషాలు వెసులుబాటు ఇచ్చి పదిన్నర చేశారు. వలస ముగింపు జనవరి తొమ్మిది సాయంత్రం ఐదు గంటలు. ఆ పైన ఆఫీసులో ఎవరూ ఉండరు.

ఇక నిబంధనలు. వలస కాలంలో సముద్రంలోకి దిగాలంటే నీళ్లలో చేపలు లేవని ధ్రువీకరణ పత్రం ఉండాలి. చేపలు లేవని ధ్రువీకరించాలంటే ఎవరో ఒకరు నీళ్లలోకి దిగి చూడాలి. దిగాలంటే పత్రం ఉండాలి. ఈ అంశం నేటికీ పరిశీలనలో ఉంది. వలస కాలం కాని రోజుల్లో సముద్రం క్షేమకరమని ప్రకటించాం. ఆ రోజుల్లో ఎక్కడైనా చేప కనిపిస్తే అది వలసలో భాగం కాదు, వ్యక్తిగత సంచారం. "మరి సొర కనిపిస్తే సార్?" అని నేనే అడిగాను. భుజంగరావు గారు కాసేపు ఆలోచించి, "సందర్శక సొర అని రాయండి," అన్నారు.

తర్వాత పరిశీలకుడి నియామకం. బండియ్య పేరు ఊరివాళ్లు చెబితే, సరే, అర్హత పరీక్షకు రమ్మన్నాం. కంటి డాక్టరు గోడకు అక్షరాల అట్ట తగిలించి పై వరస చదవమన్నాడు.

"అచ్చరం రాదు బాబూ," అన్నాడు బండియ్య.

"కనిపిస్తోందా లేదా?"

"కనిపిత్తంది. ఏటో తెల్దు." అని కిటికీలోంచి సముద్రం వైపు చూపించాడు. "అల్లదిగో ఆ తెప్పలో నలుగురున్నారు సూడండి. మూడోవోడు బీడీ ఎలిగిత్తన్నాడు. ఆడు మా తోడల్లుడి కొడుకు. మానీసినానని సెప్పినాడు, దొంగెదవ."

డాక్టరు కిటికీ దగ్గరికెళ్లి చాలాసేపు చూశాడు. ఆయనకు తెప్పే కనిపించలేదు. తిరిగొచ్చి ఫారంలో "అనర్హుడు" అని రాశాడు.

పరిశీలకుడు గ్రేడ్ టూగా హిమతేజ అనే బీకాం కుర్రవాడు వచ్చాడు. మంచివాడు, మర్యాదస్తుడు, సముద్రమంటే భయం. అతనికోసం మూడంతస్తుల బురుజు కట్టారు. ప్రారంభానికి వచ్చే ముఖ్య అతిథి కారు రోడ్డు మీద ఆగుతుంది కనుక శిలాఫలకం రోడ్డు వైపు పెట్టారు. శిలాఫలకం అటు ఉంది కనుక మెట్లు అటే పెట్టారు. మెట్లు అటు ఉన్నాయి కనుక కిటికీ కూడా అటే వచ్చింది. సముద్రం వైపు గోడ. గోడ ఖాళీగా ఉంటే బాగుండదని దాని మీద పెద్ద నీలం చేప బొమ్మ వేయించారు. హిమతేజ గంట గంటకూ కిటికీలోంచి సరుగుడు తోటను చూసి, "చేపలు కనపడలేదు" అని రిజిస్టరులో రాసేవాడు. ఆ రిజిస్టరులో ఒక్క అబద్ధం కూడా లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

బురుజు వచ్చాక తువ్వాలు సంగతి తేల్చాల్సి వచ్చింది. మండలి దగ్గర ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జెండాలు ఉన్నాయి. ఎరుపు ఎత్తాలంటే మెంబర్ సెక్రెటరీ రాతపూర్వక అనుమతి కావాలి. ఇంత కట్టుదిట్టంగా ఉంటే, దిబ్బ మీద ఒక ముసలాయన ఎవరి అనుమతీ లేకుండా ఎర్రగుడ్డ ఊపుతాడా? పంచనామా చేసి తువ్వాలు స్వాధీనం చేసుకున్నాం. "ఎరుపు రంగు తువ్వాలు ఒకటి, చిరుగులు మూడు, చేపల వాసన" అని నేనే రాసి, కవర్లో పెట్టి లక్క వేసి బీరువాలో భద్రపరిచాను. తాళంచెవి నా దగ్గరే. బండియ్య దిబ్బ మీద కూర్చోవచ్చు గానీ ఎటువంటి గుడ్డా ఊపరాదని ఉత్తర్వు.

బండియ్య ఆఫీసుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నలబై యేళ్లనుండి ఊపుతున్నాను బాబూ. ఒక్క పేనం పోనేదు. అదీ తప్పేనేటి?"

"ఎవరూ చనిపోకపోవడం విధానం కాదు బండియ్యా," అన్నారు భుజంగరావు గారు, కోపం లేకుండా, అర్థమయ్యేలా చెప్పాలన్న తపనతో. "అది కేవలం ఫలితం."

ఎంపిక పోటీని నవంబరు పద్నాలుగున పెట్టారు. వలసకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఇంత ముందుచూపు ఏ రాష్ట్రంలోనూ లేదని భుజంగరావు గారు పత్రికలవారికి చెప్పారు. చివరి పోటీకి ఆరుగురు మిగిలారు. ఐదుగురు వాళ్ల ప్రతిభ వల్ల వచ్చారు. ఆరో ఆయన ప్రణవ్ గారు.

ఆ ఉదయం ఎండ హాయిగా ఉంది. నీళ్లలో ఆరుగురూ ఉన్నారు. వేదిక మీద మేం ఉన్నాం. ఇంకో పది నిమిషాల్లో పోటీ ముగుస్తుందనగా బండియ్య దిబ్బ దిగి పరిగెత్తుకొచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి ఇసకలో పరిగెత్తడం చూడటానికే కష్టంగా ఉంది.

"బాబూ, కవ్వ దిగీసింది. ఎనకాల సొర ఉంది. పిల్లల్ని పైకి పిలిపించండి బేగి."

భుజంగరావు గారు గోడ కేలండరు తెప్పించుకుని చూశారు. "ఈ రోజు పద్నాలుగు."

"సేపకి తెల్దు గదా బాబూ!"

"ఎందుకు తెలియదు? గెజిట్లో ప్రచురించాం." అయినా పద్ధతి ప్రకారం ఆయన బురుజుకు ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టారు. "హిమతేజా, చేపలేమైనా కనిపిస్తున్నాయా?"

"లేదు సార్. సరుగుడు చెట్లే సార్."

"విన్నావా బండియ్యా?"

బండియ్య ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "గుమస్తా బాబూ, నా తువ్వాలు ఇచ్చీయండి. మా పిల్ల నీళ్లల్లో ఉంది."

బీరువా వేదిక వెనక మా ఆఫీసు గదిలోనే ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. "ఉత్తర్వు కావాలి తాతా," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అతను నా చెయ్యి వదిలేశాడు. దిబ్బ మీదికి ఎక్కాడు. గళ్ల లుంగీ విప్పి, నిక్కరుతో నిలబడి, ఆ లుంగీని తల మీద గిరగిరా తిప్పుతూ, "ఒచ్చీయండర్రా! ఒచ్చీయండి!" అని కేక వేశాడు. వేదిక మీద ముఖ్య అతిథి భార్య తల తిప్పుకుంది. దీనికి వేరే సెక్షన్ ఉందని భుజంగరావు గారు నాతో నెమ్మదిగా అన్నారు.

నూకాలు అప్పుడు ఆ రోజుకల్లా పెద్ద అల మీద ఉంది. అప్పటికే పాయింట్లలో అందరికన్నా ముందుంది. ఆ అల చివరిదాకా వస్తే ఇక తిరుగులేదు. దిబ్బ వైపు ఒక్కసారి చూసింది. పలకను పక్కకి తిప్పి అల మీంచి దిగిపోయింది. దిగి తను ఒడ్డుకు రాలేదు. వెనక్కి ఈది, మిగతావాళ్ల మధ్యకు వెళ్లి, పేరు తెలిసినవాళ్లను పేరు పెట్టీ, తెలియనివాళ్లను జుట్టు పట్టీ ఒడ్డుకు తోలింది. నలుగురు ఆమెతో వచ్చారు. ప్రణవ్ గారు రాలేదు. "ఎర్రజెండా ఎత్తలేదుగా!" అని అరిచారు. ఆయన నిబంధనల పుస్తకం క్షుణ్ణంగా చదివిన మనిషి.

అంతలో నీళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి. కవ్వలు వాన చినుకుల్లా పైకెగిరి పడుతున్నాయి. నూకాలు వదిలేసి వచ్చిన చోట మూడు రెక్కలు నీళ్ల మీదికి లేచి, ఒక చుట్టు తిరిగి, మునిగాయి. వేదిక మీద అందరం చూశాం. అప్పటికే ఊరివాళ్లు తెప్ప నెట్టి పెద్దవల చుట్టేశారు. అరవై మంది రెండు వైపులా తాళ్లు లాగారు. వలలో టన్నుల కొద్దీ కవ్వలు వచ్చాయి. వాటి మధ్య, పలకను కావిలించుకుని, చొక్కాలో రెండు చేపలతో ప్రణవ్ గారు వచ్చారు. తను వచ్చింది ఆయన కోసం కాదన్నట్టు, ఒక పెద్ద సొర వలను ఓ మూల చింపుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఫలితాలు ప్రకటించారు. ఎర్రజెండా లేకుండా నీళ్లు వదిలినందుకు ఐదుగురూ అనర్హులు. చివరిదాకా నీళ్లలో ఉన్నది ఒక్కరే కనుక ప్రణవ్ గారు విజేత. నీళ్లలోంచి వలతో లాగబడటం గురించి నిబంధనల్లో ఎక్కడా ఏమీ లేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సామెత ఉంది గానీ, మా మండలి అసలు కుందేలే లేదనగలదు.

నూకాలు అప్పీలు పెట్టుకుంది. పదిహేడో నిబంధన ప్రకారం, నిజంగా ప్రమాదం ఉండి నీళ్లు వదిలితే పోటీ మళ్లీ జరపాలి. అంటే ఆ రోజు సముద్రంలో చేపలున్నాయని ఆమె రుజువు చేయాలి. మర్నాడు మండలి అతిథి గృహంలో విచారణ. తాతా మనవరాలూ వచ్చి నిలబడ్డారు. బల్లకు ఇవతల సమావేశాల్లో తలలూపే మండలి సభ్యులు ముగ్గురు, భుజంగరావు గారు, కాగితాలతో నేను.

"రిజిస్టరులో చేపలు కనపడలేదని ఉంది," అన్నారు భుజంగరావు గారు.

"వల నిండా పడ్డాయి గదండి," అంది నూకాలు.

"వలలో ఉన్నవి వలలోని చేపలు. అవి సముద్రంలో ఉండేవనడానికి ఆధారం ఉందా?"

"మరి వల ఎక్కడ ఏసినామండి, మిద్దె మీదా?"

"ప్రశ్నలు మండలి అడుగుతుంది."

"సొర వలను సింపీసింది. సిరుగు తెచ్చి సూపించమంటారా?"

"వల పాతది అయ్యుండవచ్చు," అన్నారు ఒక సభ్యులు. ఇంకో సభ్యులు ఆ మాటను బలపరిచారు.

ఒంటి గంటకు భోజన విరామం. వంటవాడు కవ్వల పులుసు తెచ్చాడు. చింతపండు పులుపు, వెల్లుల్లి, పైన కాస్త మెంతిపొడి. భుజంగరావు గారు ముళ్లు తీసి తింటూ నాలుగు ముద్దలయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత, "ఎంత తాజాగా ఉన్నాయయ్యా! ఎక్కడివి?" అని అడిగారు.

"ఎదురుగుండా సముద్రంలోవేనండి," అన్నాడు వంటవాడు. "నిన్నటినుండి ఆగకుండా పడుతున్నాయి కదండి. ఇంకో ముక్క వెయ్యనా?"

వేయించుకున్నారు. నేను అలవాటుకొద్దీ పెన్ను తీశాను. భుజంగరావు గారు పులుసు చేతిని అడ్డంగా ఊపారు. "విరామంలో మాట్లాడినవి మినిట్స్‌లోకి రావు."

రెండింటికి విచారణ మళ్లీ మొదలైంది. ఆయన తృప్తిగా తిన్నారు కనుక మనసు మెత్తబడింది. ఒక కాగితం నాతో రాయించి నూకాలు ముందు పెట్టించారు. "మండలి నిన్ను శిక్షించాలని కోరుకోవడం లేదమ్మా. కారి బండియ్య అను వ్యక్తి ఇచ్చిన తప్పుడు సంకేతం వల్ల, చేపలు లేకున్నను ఉన్నవని భ్రమించి బయటికి వచ్చితిని అని ఇందులో ఉంది. సంతకం చెయ్యి. మానవతా దృక్పథంతో పోటీ మళ్లీ జరిపిస్తాను. ఇరవై అయిదో తేదీకల్లా జట్టు జాబితా పంపాలి. అందులో నీ పేరు ఉండొచ్చు."

నూకాలు ఆ కాగితం చదివింది. మళ్లీ చదివింది. ఆ పిల్ల ఆ చోటు ఎంత కోరుకుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా.

"సంతకం ఎట్టీయమ్మా," అన్నాడు బండియ్య వెనకనుంచి. "నాకేటవుతాది? ముసలోణ్ని. ఎట్టీ."

నూకాలు పెన్ను బల్లమీద పెట్టేసింది. "ఎడితే నాకు సోటొస్తాది తాతా. కానీ నీ పిలుపు అబద్ధమనీసి కాయితం మీద పడిపోయాక, రేపు నువ్వు లెగిసి పిలిస్తే ఎవులొస్తారు బయటికి?" అని భుజంగరావు గారి వైపు తిరిగింది. "ఆయన పైనుంచి సూస్తన్నాడని నమ్మే మేం నీళ్లల్లోకి దిగుతాం సారు. నాను ఎట్టను."

నూకాలు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఇది నాకాడ ఉండనియ్యండి," అని తీసుకుని వెళ్లిపోయింది.

నవంబరు ఇరవై మూడు వచ్చింది.

వలస ప్రారంభోత్సవానికి ఒడ్డున షామియానా వేశాం. "మత్స్య వలసకు స్వాగతం" అని బేనరు కట్టాం. సన్నాయి, డోలు పిలిపించాం. కవ్వలు దక్షిణానికి వెళ్లిపోయి అప్పటికి మూడు రోజులైంది. బిందెలో నీళ్లలా సముద్రం తేటగా ఉంది. ఊళ్లో వలలన్నీ ఎండలో ఆరుతున్నాయి. సరిగ్గా పదిన్నరకు, రాతపూర్వక అనుమతితో, ఎర్రజెండా పైకి లేచింది. అందరం చప్పట్లు కొట్టాం.

పసుపు కుంకాలతో చేపలకు స్వాగతం పలుకుతున్నట్టు ఫొటో ఉండాలన్నది భుజంగరావు గారి ఆలోచన. ప్యాంటు మడిచి, పళ్లెం పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. ఆయన పక్కన సభ్యులు ముగ్గురు. జట్టు చొక్కా తొడుక్కుని ప్రణవ్ గారు. ఫొటో కోసం బురుజు మీంచి దింపిన హిమతేజ, ఒక చెయ్యి నా భుజం మీద గట్టిగా వేసి. ఫైలు పట్టుకుని నేను. వెనకాల సన్నాయి వాళ్లు కూడా పాదాలు తడుపుకుని నిలబడ్డారు. ఊరివాళ్లు మోకాళ్ల లోతులో పిల్లల్ని ఎత్తుకుని వినోదం చూస్తున్నారు. ప్రమాద కాలం మొదలైన పది నిమిషాలకు గవ్వలపాలెంలో సముద్రంలో ఉన్నంత జనం అంతకుముందెన్నడూ లేరు.

దిబ్బ మీద బండియ్య మామూలుగా కూర్చుని ఉన్నాడు. ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి సార్," అన్నాడు. అప్పుడు బండియ్య లేచి నిలబడ్డాడు.

అంతే. చెయ్యి ఎత్తలేదు, గుడ్డ ఊపలేదు, కేక వేయలేదు. లేచాడు.

ముందు ఊరివాళ్లు కదిలారు. ఆ తర్వాత ఎవరు ఎవరికన్నా ముందో నేను చెప్పలేను. డోలు నీళ్లలో పడింది. ప్రణవ్ గారు నన్ను దాటుకుంటూ పోయారు. ఈసారి ఎర్రజెండా సంగతి ఆయన ఎత్తలేదు. హిమతేజ బురుజు మెట్లు సగం ఎక్కేశాడు. నా ఫైలు తడిసింది. మెంబర్ సెక్రెటరీ గారు పళ్లెం వదిలేసి, ఒక చెప్పు వదిలేసి, మా అందరినీ దాటి షామియానాలో రెండో వరస కుర్చీల దగ్గర గానీ ఆగలేదు. అక్కడ ఆగి, రొప్పుతూ, వెనక్కి తిరిగి చూశారు. సముద్రం మీద పళ్లెం ఒక్కటే తేలుతోంది. ఇంకేమీ లేదు.

బండియ్య దిబ్బ మీంచి అయోమయంగా చూస్తున్నాడు. "ఏటయింది బాబూ?" అని అరిచాడు. "నాను గంజి తాగడానికి ఎల్తన్నాను!"

ఊరు ఊరంతా నవ్వింది. సన్నాయి అతను ఇసకలో కూలబడి మరీ నవ్వాడు. నూకాలు నవ్వలేదు. జనంలోంచి నడుచుకుంటూ షామియానాలోకి వచ్చింది. రవికలోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, భుజంగరావు గారి ముందు కుర్చీ మీద పరిచింది.

"సారూ, మీరిప్పుడు ఎందుకు బయటికొచ్చినారో దీని మీద రాయండి," అంది. "దాని కిందన నాను సంతకం ఎడతాను."

భుజంగరావు గారు సముద్రాన్ని చూశారు. తడిసిన ప్యాంటును చూసుకున్నారు. చెప్పు లేని కాలును చూసుకున్నారు. ఆఖరికి నా వైపు చూశారు. ఏదో ఒక మాట అందించమని ఆ చూపు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎంతమంది అధికారులకు, ఎన్ని ఇరకాటాల్లో, తగిన మాట వెతికిచ్చానో నాకే లెక్క లేదు.

పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చాను.